కోటి లెక్క

గర్వమును గూర్చి మన పెద్దలు పలికిన మాటలలో హెచ్చు పాలు హెచ్చరికలే. గర్వము పతనమునకు ద్వారమనిరి. పండిన కొమ్మ వంగి యుండుననిరి. ఆ మాటలలో నిజము లేకపోలేదు. అయినను గర్వమునకును లెక్కకును నడుమ ఒక గట్టు కలదు. కళ్ళమున ధాన్యము కొలిచి, ఇన్ని పుట్లు పండినవని చెప్పు రైతును గర్విష్ఠి యని ఎవరును అనరు. తాను చేసిన పనికి అతడు లెక్క చెప్పుచున్నాడు. ఆ లెక్క చెప్పునపుడు అతని కంఠము కొంచెము నిండినచో, ఆ నిండుదనము ధాన్యపు రాశికి చెందినదే గాని అహంకారమునకు చెందినది కాదు.

అట్టి లెక్క యొకటి నేనును చెప్పదలచితిని. 1989 శ్రీరామనవమినాడు నేను రామకోటి వ్రాయ నారంభించితిని. 2024 కార్తీకమాసమున, జంషెడ్‌పూరు నగరమందలి కాసిడీహ్‌లో, మా యింటి ముందరి గదిలో దానిని పూర్తి చేసితిని. ఈ 35 సంవత్సరములలో 28 సంవత్సరములు నా చేతివ్రేళ్ళలో కీళ్ళవాతము కాపురమున్నది, నేటికిని ఉన్నది.

రామకోటి యనగా శ్రీరామ యను నామమును కోటి మారులు వ్రాయుట. తెలుగువారి యిండ్లలో దీని నెరుగనివారుండరు. ఆరంభించినవారు అనేకులు, ముగించినవారు కొందరే. ఇందుకు కారణము భక్తిలోపము కాదు, గణితము. దినమునకు 1,000 నామముల చొప్పున వ్రాసినచో కోటికి 10,000 దినములు పట్టును. అనగా 27 సంవత్సరములు దాటి మరి నాలుగు మాసములు. పురిటి దినములు, పెండ్లిండ్లు, జ్వరములు, ప్రయాణములు వీనిలో ఏదియు ఈ లెక్కలో చేరలేదు. నావి సామాన్యమైన 200 పుటల నోటుపుస్తకములు. పుటకు నాలుగు నిలువు వరుసలు, వరుసకు 25 నామములు. పుటకు 100, పుస్తకమునకు 20,000, కోటికి 500 పుస్తకములు. ఈ లెక్క మొదటి పుస్తకపు అట్టలోపల నా చేతితో వ్రాసికొన్నది నేటికిని చెక్కుచెదరక యున్నది.

కాసిడీహ్ సాక్చీని ఆనుకొనియున్న పాత పేట. డీహ్ అనగా ఈ ప్రాంతపు పలుకుబడిలో ఊరి నివేశనస్థలము. టాటావారి ఇనుము ఉక్కు సంఘము 1907లో ఏర్పడిన పిమ్మట సాక్చీ గ్రామమున కర్మాగారము లేచినది. 1912 ఫిబ్రవరి 16వ తేదీన తొలి ఉక్కు దిమ్మ వెలువడినది. 1919లో రాజప్రతినిధి ఛెమ్స్‌ఫర్డు ప్రభువు సాక్చీకి జంషెడ్‌పూరని పేరు పెట్టెను. ఆ పేరునకు మూలపురుషుడైన జంషెట్జీ టాటా ఈ పట్టణమును కన్నులార చూడనే లేదు. ఆయన 1904లోనే జర్మనీ దేశమున కన్నుమూసెను. మా మామగారి తండ్రి కాలమున శ్రీకాకుళపు ప్రాంతము నుండి తెలుగువారు ఇచ్చటికి పనికై వచ్చిరి. వచ్చినవారు తమ రాముని వెంట తెచ్చుకొనిరి. బిష్టుపూరులోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము అందుకు సాక్ష్యము. ఈ పట్టణము లెక్కల పట్టణము. ఎన్ని టన్నులు, ఎన్ని గంటలు, ఎవరిది ఏ షిఫ్టు అను ప్రశ్నలతోనే ఇచ్చట దినము తెల్లవారును. నా భర్త ఉదయపు షిఫ్టునకు ఆరుగంటలకు లోపలనుండవలెను. ఆయన సైకిలు మలుపు తిరిగిన పిదప ఇల్లు నిశ్శబ్దమగును. ఆ నిశ్శబ్దమే నా వ్రాతకు ముహూర్తము.

నాచేత ఆరంభింపజేసినవారు మా అత్తగారు. ఆమెయు రామకోటి వ్రాయుచుండెడివారు. కంటిచూపు మందగించి, పదునెనిమిది లక్షల కడ ఆమె కలము ఆగిపోయినది. మిగిలినది నేను వ్రాసెదనంటిని. ఆమె తల అడ్డముగా ఊపిరి. "నా కోటి నాది, నీ కోటి నీది. ఒకరి లెక్కలో ఒకరు చేయి పెట్టకూడదమ్మా" అనిరి. అంతట నేను ఒకటి నుండి మొదలు పెట్టితిని. అప్పటికి నాకు 27 సంవత్సరములు.

ఏడు సంవత్సరములు ఆటంకము లేక సాగినది. 125 పుస్తకములు నిండినవి. లెక్క 25 లక్షలకు చేరినది. 1996 వర్షాకాలమున ఒక ఉదయము వ్రేళ్ళు ముడుచుకొనలేదు. పిడికిలి పట్టబోయినచో పిడికిలి కుదరలేదు. కాఫీ గ్లాసును రెండు అరచేతుల నడుమ ఒత్తి పట్టుకొని త్రాగితిని. ఎండ వచ్చుసరికి సడలినవి. మరునాడు తిరిగి బిగిసినవి. కొన్ని వారములకు రెండు చేతుల మణికట్లును, వ్రేళ్ళ మొదటి కణుపులును, నడిమి కణుపులును వాచినవి. కుడిచేత ఏ కణుపు నొచ్చునో ఎడమచేత అదియే నొచ్చెడిది. చన్నీళ్ళ వలన అనిరి కొందరు. వయసు అనిరి మరికొందరు. అప్పటికి నాకు 34 నిండలేదు.

ఈ రోగము క్రొత్తది కాదు. మాధవకరుని నిదానగ్రంథము దీనిని ఆమవాతమను పేర వేరొక రోగముగా ఏనాడో పరిగణించినది. నేటి వైద్యులు దీనిని రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అందురు. శరీరమును కాపాడవలసిన రక్షకశక్తియే దారి తప్పి, కీళ్ళలోని పలుచని పొరను శత్రువని భావించి దానిపై దాడి చేయును. పొర వాచును, క్రమముగా మృదులాస్థిని, ఎముకను తినివేయును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. దీనిని అదుపున ఉంచు మందులు కలవు. సమూలముగ తొలగించు మందు లేదు. కాపలావాడే ఇంటివారిని కొట్టునట్టి ఈ విపరీతమును మా అత్తగారికి తెలియజెప్పుటకు నాకు చాల కాలము పట్టినది.

నొప్పి అన్ని పనులను ఒకే విధముగ అడ్డగింపదు. దోసెపిండి కలుపుట ఒక విధము. చీర పిండుట వేరొక విధము. వ్రాతలోనైతే నొప్పి అక్షరమును బట్టి మారును. మన లిపి గుండ్రని లిపి. శ్రీ అను అక్షరమున కలము శకారమును చుట్టి, పైకి పోయి గుడిదీర్ఘము తీర్చి, క్రిందికి దిగి క్రారవడి త్రిప్పవలెను. ఆ మూడు మలుపులలోను మణికట్టు తిరుగును. తరువాతి రా, మ అను రెండు అక్షరములును దానితో పోల్చినచో విశ్రాంతి వంటివి. ఆరోగ్యముగ ఉన్న ఏడు సంవత్సరములు నేను ఈ సంగతి గమనింపనే లేదు. ఏ అక్షరమున ఎంత శ్రమ ఉన్నదో రోగము నాకు నేర్పినది.

అప్పుడు నాకొక ఆలోచన తోచినది. శ్రీ విడిచి రామ అని మాత్రమే వ్రాసినచో సాగునేమో. అత్తగారి నడిగితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "శ్రీ లేకపోయినా రాముడు రాముడేనమ్మా. రాసుకో. కాని అది వేరే పుస్తకంలో రాసుకో. ఈ లెక్కలో కలపకు" అనిరి. ఆ తీర్పులో దయయు ఉన్నది, ధర్మమును ఉన్నది. రోగినని నాకు రాయితీ ఇచ్చిరి. రోగినని లెక్కకు రాయితీ ఇయ్యలేదు. నేను వేరొక పుస్తకము తెరచితిని. రెండు సంవత్సరములకు పైగా రెండక్షరముల నామమునే వ్రాసితిని. దినమునకు నూరు కూడ నిండని దినములే ఎక్కువ. ఆ కాలమంతటిలో వ్రాసినవి 70,000 మాత్రమే. అవి కోటిలో చేరలేదు.

ఆ దినములలో ఒక సాయంకాలము నేనొక భాగహారము చేసితిని. కోటికి కొదువ 75 లక్షలు. శ్రీతో కూడిన నామములు దినమునకు నూరు వ్రాయగలిగినను 75,000 దినములు కావలెను. అనగా 205 సంవత్సరములు. ఆ అంకెను చూచి నేను ఏడ్వలేదు, నవ్వు వచ్చినది. ఎందుచేతననగా ఆ అంకె నా భయమునకు ఒక కొలత ఇచ్చినది. అంతవరకు నాకు తోచినది ఇక వ్రాయజాలనని. అంకె చెప్పినది వేరు: ఇట్లే యున్నచో వ్రాయజాలవు, కావున ఇట్లే ఉండనీయకుము. మరుసటి వేసవిలో టాటానగరున రైలెక్కి, కాట్పాడిలో దిగి, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రికి పోయితిమి. మా ప్రాంతమున దీర్ఘరోగి యున్న ప్రతి యింటివారికిని ఆ త్రోవ తెలియును. తమిళనాటి ఆ వీథులలో బెంగాలీయు హిందీయు అంతగా వినబడుటకు కారణము మావంటివారే. అది 1998వ సంవత్సరము.

అచ్చట ఇచ్చిన మందు పేరు మెథోట్రెక్సేట్. వారమున కొక్క దినము మాత్రమే మ్రింగవలెను. పొరబాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. వేరొక దినమున ఫోలిక్ ఆమ్లపు మాత్ర వేసికొనవలెను. మొదటిదాని దుష్ఫలితములను అది తగ్గించును. నేను మా యింటి కేలెండరులో ఆదివారమున ఒక గుర్తును, మంగళవారమున వేరొక గుర్తును పెట్టుకొంటిని. ఆ రెండు గుర్తులకును ఒక తెలుగువానితో సంబంధమున్నదని కొన్ని సంవత్సరముల పిమ్మట చదివి తెలిసికొంటిని.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరు లిద్దరిని సంగ్రహణి రోగమున పోగొట్టుకొనెను. తానును అదే రోగమునకు లోనై, మదరాసున ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స వలన కోలుకొనెను. 1922లో అమెరికా చేరెను. హార్వర్డులో ఉన్న కాలమున రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలిసి కనిపెట్టెను. కండరములకు శక్తినిచ్చు పదార్థములను గుర్తించిన వారిలో ఒకడయ్యెను. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు పోయెను. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మించినది. సోదరులను పొట్టన పెట్టుకొన్న సంగ్రహణికి ఆ పదార్థము ఔషధమైనది. ఆ పిమ్మట ఫోలిక్ ఆమ్లమునకు ప్రత్యర్థులైన పదార్థములను ఆ బృందమే తయారు చేసినది. మెథోట్రెక్సేట్ వానిలో ఒకటి. మరియొకదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బరు పసిబిడ్డల రక్తపు కాన్సరునకు వాడి, ఫలితములను 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరము ఆగస్టు మాసముననే సుబ్బారావు మరణించెను. ఆ జాతి మందు కీళ్ళవాతమునకును పనిచేయునని అమెరికా వైద్యులు ప్రకటించినది 1951లో. మెథోట్రెక్సేటును కీళ్ళవాతపు మందుగా ఆ దేశము ఆమోదించినది 1988లో. తన వలన ఎవరి వ్రేళ్ళు కదలునో ఆయన ఎరుగడు. నా ఆదివారపు మాత్రయు మంగళవారపు మాత్రయు ఒకదానికొకటి విరోధులు. రెండును ఒకే ప్రయోగశాల నుండి వచ్చినవి. ఆ ప్రయోగశాలను నడపినవాడు తానే రోగమును చవిచూచినవాడు. ఇది తెలిసిన నాటినుండి ఆ మాత్రలను నోట వేసికొనునపుడు నాకు ఒంటరితనము తగ్గినది.

మందు వెంటనే పనిచేయలేదు. రెండు మాసముల పిదప ఒక ఉదయము గ్లాసును ఒక్క చేతితో పట్టితిని. ఆ సంవత్సరము కార్తీకమున శ్రీతో కూడిన నామము తిరిగి వ్రాయ మొదలిడితిని. 126వ పుస్తకమును, 125వ పుస్తకమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి ఇద్దరు వ్రాసినట్లు తోచును. మొదటిదానిలో శ్రీ గుండ్రముగ నున్నది. రెండవదానిలో మూలలు తేలి యున్నది. నా భర్త పాత సైకిలు ట్యూబు ముక్కను కలమునకు చుట్టి లావు చేసెను. సన్నని కలమును బిగించి పట్టుటకంటె లావైనదానిని వదులుగ పట్టుట సుళువు. ఉదయమున కాక, వ్రేళ్ళు సడలిన పిదప పదిగంటలకు వ్రాయ నేర్చితిని. యాబది వ్రాసి గోరువెచ్చని నీట చేతులుంచి, మరల యాబది. రెండు మూడు మాసముల కొకసారి రక్తపరీక్ష. మందు కాలేయమును, రక్తకణములను బాధించుచున్నదేమో చూడవలెను. వాపు తిరుగబెట్టిన వారములలో కలము ముట్టను. అట్టి వారములు సంవత్సరమునకు నాలుగైదు తప్పలేదు. ఇట్లు 26 సంవత్సరములు గడచినవి. 75 లక్షలను ఆ దినములతో భాగించినచో దినమునకు సగటున 790 నామములు. ఆరోగ్యముగ ఉన్ననాటి వేయికి అది చాల తక్కువ కాదు; కాని వేయి గంటలో ముగిసెడిది, ఈ 790కి మధ్యాహ్నమంతయు చెల్లిపోయెడిది.

ఈ నడుమ మా అత్తగారు గతించిరి. పిల్లలు పెద్దవారై దూరములకు పోయిరి. భర్త ఉద్యోగవిరమణ చేసెను. నేను బీహారులో ఆరంభించితిని. 2000 నవంబరు 15న ఝార్ఖండు ఏర్పడుటచే, కుర్చీ కదల్పకయే వేరొక రాష్ట్రమున వ్రాయుచుంటిని. పుస్తకములు చేరవలసిన భద్రాచలము నాడు ఆంధ్రప్రదేశమున ఉండెను. 2014 నుండి అది తెలంగాణమున ఉన్నది. వ్రాయువాని ఊరును, రాముని ఊరును రెండును రాష్ట్రము మారినవి. నామము మాత్రము మారలేదు.

కోటి పూర్తియైన వార్త పేటలో తెలిసినపుడు వచ్చినవారు రెండు విధములైన మాటలు చెప్పిరి. "అంతా ఆ రాముడి దయ పిన్నిగారూ, ఆయనే రాయించుకున్నాడు" అని కొందరు. "జబ్బును జయించారండీ మీరు" అని కొందరు. ఇరువురి హృదయమును మంచిదే. కాని ఆ రెండు మాటలలోను నా చేయి కనబడదు. మొదటి మాట నా శ్రమను దేవునికి జమకట్టినది. రెండవ మాట రోగమును రాక్షసుని చేసి, నన్ను యుద్ధరంగమున నిలిపినది. యుద్ధమైనచో ఎవరో ఒకరు ఓడవలెను. నా రోగము ఓడలేదు. కోటి ముగిసిన మరునాటి ఉదయమున కూడ నా వ్రేళ్ళు బిగిసియే యున్నవి.

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వారును గూర్చి లోకము చెప్పు కథ ఇట్టిదే. కీళ్ళవాతమున వ్రేళ్ళు ముడుచుకొనిపోగా, కుంచెను చేతికి కట్టించుకొని చిత్రించెనందురు. నిజమునకు ఆ గుడ్డకట్లు చర్మము ఒరసికొనకుండుటకై చుట్టినవి. కుంచెను మరియొకరు అందింపగా ఆయన ముడుచుకొన్న వ్రేళ్ళతోనే పట్టెడివాడు. 1919లో మరణించు సంవత్సరము వరకు పనిచేసెను. కట్టించుకొన్నాడను కథలో వీరత్వము హెచ్చు. పట్టుకొన్నాడను నిజములో చేయి హెచ్చు. నాకు రెండవదే ప్రియము. దీర్ఘరోగి కోరునది వీరుడనిపించుకొనుట కాదు. తాను చేసిన పని తన చేతిదని ఒప్పించుకొనుట.

రామనామము వ్రాయుట అహంకారము నశించుటకే గదా, దానిని గూర్చి గర్వపడవచ్చునా యని నన్ను నేనే అడిగికొంటిని. సమాధానము భద్రాచలముననే కలదు. పాల్వంచ తహశీలుదారైన కంచర్ల గోపన్న రామునికి గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో మ్రగ్గెను. ఆయన తన కీర్తనలో, ఏ నగకు ఎన్ని మొహరీలు పట్టినవో రాముని యెదుటనే లెక్క చెప్పెను. సీతమ్మ నగకు ఇంత, లక్ష్మణుని నగకు ఇంత అని విడివిడిగా అడిగెను. అంతటి భక్తుడు లెక్క చెప్పుటకు సిగ్గుపడలేదు. భక్తి లెక్కను చెరిపివేయునని ఆయన అనుకొనలేదు. నేనేల సిగ్గుపడవలెను? మందు సుబ్బారావు బృందముది, వైద్యము వేలూరువారిది, సైకిలు ట్యూబు నా భర్తది, తీర్పు మా అత్తగారిది. వీరి భాగములను వీరికి జమ వేసిన పిదప మిగిలిన మధ్యాహ్నములు నావి. వానిని గూర్చి నాకు గర్వమున్నది.

రానున్న శ్రీరామనవమికి పుస్తకములను భద్రాచలము పంపవలెను. ఒక్కొక్కటి పావుకిలో యనుకొన్నను 500 పుస్తకములు 125 కిలోలు. మూడు ఇనుపపెట్టెలలో సర్ది యుంచితిమి. నాలుగవ పెట్టె నాది. అందులో చీరల క్రింద నాలుగు పుస్తకములు కలవు. నాలుగవది సగమే నిండినది. శ్రీ లేని 70,000 రాములు అందున్నారు. అవి కోటిలో చేరవు, భద్రాచలము పోవు. వానిలో అక్షరములు వంకరలు; కొన్ని పుటలలో పది నామములే. ఎవరైన లెక్క అడిగినచో 500 పుస్తకములను చూపుదును. కాని ఆ 500 పూర్తియగుటకు ఏవి ఆధారమో నాకు తెలియును. ఏమియు వ్రాయజాలని దినములలో, లెక్కకు రావని తెలిసియు, నేను కలమును విడువక పట్టినది ఆ నాలుగింటిలోనే.